కోరింగ కాలువలో నాలుగు సీసాల నీళ్ళు

కాకినాడలో తెల్లవారుజామునే బయల్దేరి చొల్లంగి దాటి కోరింగ చేరేసరికి ఇంకా మంచు విడలేదు. మైక్రోబయాలజీలో పరిశోధన చేస్తున్న మా మేనకోడలు నీటి నమూనాలకి తోడు రమ్మంటే వెంటనే ఒప్పుకున్నాను. కారణం మా అమ్మ. పోయిన ఏడాది ఆవిడకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండు రకాల మందులు వాడినా జ్వరం తగ్గలేదు. కల్చర్ చేయిస్తే, రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. ఆ మందులకి ఈ క్రిమి లొంగదని అర్థం. చివరికి ఇంజెక్షన్లతో తగ్గింది గానీ, ఆ కాగితం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

పడవ మడచెట్ల మధ్య కాలువలోకి దూరింది. బురదలోంచి శ్వాసవేళ్ళు మేకుల్లా లేచి ఉన్నాయి. ఆటు మొదలవుతోంది. “ఇక్కడ ఆపు బాబాయ్” అంది మా మేనకోడలు పడవాయనతో. చేతికి గ్లవ్స్ వేసుకుని, సీసా మూత తీసి, దాన్ని ఎక్కడా పెట్టకుండా వేళ్ళ మధ్యే పట్టుకుంది. సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా తిప్పి జానెడు లోతులో ముంచింది. ఒక చుక్క ఉప్పు కొలిచే అద్దం మీద వేసి వెలుతురుకి ఎత్తి చూసింది. సముద్రంలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ అందులో సగం కూడా లేదు.

“ఇంత బురదనీళ్ళలో ఏం చూస్తారమ్మా?” అన్నాడు పడవాయన.

“క్రిములు ఒకదానికొకటి ఏం ఇచ్చుకుంటున్నాయో చూస్తాం బాబాయ్.”

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. చాలా బాక్టీరియాలో అసలు డీఎన్ఏ కాక విడిగా చిన్న ఉంగరంలాంటి డీఎన్ఏ కూడా ఉంటుందట. అదే ప్లాస్మిడ్. ఒక బాక్టీరియా సన్నటి పోగు చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుని, ఉంగరంలో ఒక పోచని దాటిస్తుంది. రెండో పోచని ఎవరికి వాళ్ళే అల్లుకుంటారు. ఇచ్చినవాడికి తరగదు, పుచ్చుకున్నవాడికి పూర్తిగా వస్తుంది, చదువులాగా. పుచ్చుకునేది తన జాతిదే కానక్కర్లేదు. 1959లోనే జపాన్ శాస్త్రవేత్తలు, విరేచనాల క్రిమిలోని నాలుగు మందుల నిరోధకత ఒక్కసారిగా ఇంకో క్రిమికి వెళ్ళడం చూశారు. నాలుగూ ఒకే ఉంగరం మీద ఉన్నాయి మరి. వాటిలో ఏ ఒక్క మందు వాడినా మిగతా మూడిటి నిరోధకతా నిలబడుతుంది.

ఊళ్ళ మురుగుతో వచ్చే మన పేగుల బాక్టీరియా, సముద్రంలో ఉండే విబ్రియో అనే బాక్టీరియా కలిసేది ఇలాంటి చోటే. రొయ్యల రైతులకి విబ్రియో అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. వనామీ రొయ్యపిల్లల్ని తొలిరోజుల్లోనే చంపే ఈఎంఎస్ అనే జబ్బు తెచ్చే విషం జన్యువులు కూడా ప్లాస్మిడ్ మీదే ఉన్నాయి.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. ఆ నీళ్ళు చేరే వాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. గోదావరి పాయ ఈ కోరింగ దాకా వస్తుంది. మందు నదిలో పలచబడిపోవచ్చు. జన్యువు అలా కాదు, తనని మోసే క్రిమి పెరిగిన కొద్దీ తనూ పెరుగుతుంది. నాకు భయం వేసింది అందుకే.

మా మేనకోడలు ఇక్కడి బాక్టీరియాని, మందుకి లొంగే ల్యాబ్ బాక్టీరియాతో కలిపి ఒక రాత్రి ఉంచుతుందట. లొంగేది కాస్తా మందు కలిపిన ప్లేటు మీద మొలిస్తే, ఉంగరం చేతులు మారినట్టే.

ఐస్‌పెట్టె ఒళ్ళో పెట్టుకుని విశాఖ రైలెక్కాను. సామర్లకోట దాటాక అమ్మ ఫోన్ చేసింది: “నీళ్ళు దొరికాయా?” నాలుగు సీసాలు దొరికాయని చెప్పాను.