ఫారంలో రాయాలా వద్దా

మా అబ్బాయి అమెరికా ఆర్మీలో చేరతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మా సొంతూరు తాడేపల్లిగూడెం. ఆ మండలంలోనే ఉంది మిలిటరీ మాధవరం, దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సైన్యంలో పనిచేసిన ఊరు. మా టెన్షన్ వేరు. తొమ్మిదో తరగతిలో వాడికి డిప్రెషన్ వచ్చి, ఏడాది పైనే కౌన్సెలింగ్‌కి వెళ్ళాడు, మందులు వాడాడు.

"ఆ సంగతి ఆర్మీ ఫారంలో రాయకండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు చుట్టాలంతా. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది అని వాళ్ళ భయం. కానీ 2022 నుంచి, వైద్య పరీక్షలు చేసే మెప్స్ కేంద్రాల్లో జెనిసిస్ అనే సిస్టం ఉంది. పాత ఆసుపత్రి, ఫార్మసీ రికార్డులు చాలావరకు అందులో కనిపిస్తాయి. తెలిసీ దాచి చేరడం మిలిటరీ చట్టం కింద నేరం కూడా.

డిప్రెషన్‌కి చికిత్స మొత్తం 12 నెలలు దాటినా, గత 36 నెలల్లో లక్షణాలు గానీ చికిత్స గానీ ఉన్నా, ఒక్కసారి ఆసుపత్రిలో చేరినా, జబ్బు తిరగబెట్టినా అనర్హతే. మావాడికి 36 నెలలు ఎప్పుడో దాటాయి, 12 నెలల దగ్గరే చిక్కు. నయమయ్యేదాకా ఓపిగ్గా వెళ్ళిన పిల్లాడికి అదే అడ్డం కావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అందుకే వేవర్, అంటే ప్రత్యేక మినహాయింపు, అడగాల్సి వచ్చింది. అది ఇచ్చేది మెప్స్ డాక్టర్ కాదు, ఆర్మీయే. ఇవ్వాలన్న రూలు కూడా లేదు.

వాడికి 18 దాటాయి కాబట్టి రికార్డులు నేనడిగితే ఇవ్వరు. సంతకాలన్నీ వాడే పెట్టాడు. థెరపిస్ట్ నోట్స్ వచ్చిన రోజు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పైకి చదివాడు. ఆ ఏడాదంతా స్కూల్లో లంచ్ లైబ్రరీలో ఒంటరిగా తినేవాడట. "ఎందుకురా?" అన్నారు మావారు. ఆ రాత్రి తండ్రీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నేను వెళ్ళలేదు.

మందులు ఎప్పుడు ఆపాడో చూపే ఫార్మసీ కాగితం, కాలేజీ మార్కులు, కోచ్ రాసిన ఉత్తరం, అన్నీ జతచేశాం. ఆర్మీ కాదంటే నేవీకి అప్లై చేస్తానంటున్నాడు. వేవర్ విషయంలో ఆర్మీ నిర్ణయం ఆర్మీదే, నేవీ నిర్ణయం నేవీదే.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని కూతురు ఈ మధ్యే కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. ముందు ముందు అడ్డమవుతుందేమో, మానిపించనా అని అడిగింది. మానిపించొద్దన్నాను. ప్రతి కాగితం మాత్రం ఫైల్లో పెట్టుకోమన్నాను.