స్నాగ్ రాయడం తెలిసినవాళ్లు

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హెలికాప్టర్లు పగలంతా ఎగిరి రాత్రికి మా చేతికొస్తాయి. ఉత్తర సముద్రంలోని ఆయిల్ రిగ్గులకి మనుషుల్ని చేరవేసే పెద్ద హెలికాప్టర్లవి. డైస్ ఎయిర్‌పోర్టు పక్కన హ్యాంగర్, అందులో నాది నైట్ షిఫ్ట్. అంతకుముందు మన ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌ని, హకీంపేటలో చేతక్ హెలికాప్టర్ల మీద పనిచేశాను. బయటికొచ్చాక మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్స్ పరీక్షలు ఒక్కొక్కటీ రాసుకుంటూ 2014లో ఇక్కడికి చేరాను.

ఇక్కడ సముద్రం మీంచి వచ్చే పొగమంచుని హార్ అంటారు. అది కమ్ముకుంటే పొద్దున్న ఫ్లైట్లన్నీ ఆగిపోతాయి, పైలట్లు క్రూ రూమ్‌లో కూర్చుండిపోతారు. షిఫ్ట్ అయిపోయినా ఇంటికెళ్లకుండా టీ కప్పు పట్టుకుని నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి. పైలట్ అంటే మిలిటరీ నుంచో, డబ్బున్న ఇంటినుంచో వస్తాడనుకునేవాణ్ణి, ఆ గదిలో కూర్చున్నాక ఆ లెక్క మారిపోయింది. ఒకాయన న్యూజిలాండ్ వాడు, కుర్రతనంలో చిన్న హెలికాప్టర్‌లో కొండల మీద అడవి దుప్పుల్ని తరిమి వల వేసి పట్టేవాడట, అక్కడ డెబ్బైలలో, ఎనభైలలో అది పెద్ద వ్యాపారం. ఇంకొకతను పదేళ్లు రిగ్గు మీద కూలీగా చేసి, రెండు వారాలకోసారి వెనక సీట్లో కూర్చుని వెళ్లడం చాలనుకుని, ఇల్లు తాకట్టు పెట్టి లైసెన్స్ తెచ్చుకున్నాడు. మూడో ఆయన నేవీ, 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో సీ కింగ్ హెలికాప్టర్ నడిపినవాడు. నేను రాయాలనుకున్నది ఎక్కువగా ఈయన గురించే. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు, చివరిదాకా కెప్టెన్ అనే పిలిచాను.

పైలట్ దిగాక టెక్ లాగ్‌లో, అంటే ఆ హెలికాప్టర్ రికార్డు పుస్తకంలో, స్నాగ్ రాస్తాడు, అంటే హెలికాప్టర్‌లో తనకి కనిపించిన లోపం. చాలామంది "వైబ్రేషన్ ఎక్కువగా ఉంది" అని రాసి వెళ్లిపోతారు. అది చదివి నేనేం చెయ్యాలి? హెలికాప్టర్ అన్నాక వణుకుతూనే ఉంటుంది. కెప్టెన్ అలా రాసేవాడు కాదు. 120 నాట్ల దగ్గర మొదలైంది, 140కి పెరిగింది, పైకీ కిందకీ ఊపుతోంది, రోటర్ ఒక చుట్టు తిరిగితే ఒక ఊపు, దిగేటప్పుడు తగ్గింది అని రాసేవాడు. పైకీ కిందకీ అన్న ఒక్క మాటతో నాకు సగం రాత్రి మిగిలేది. అలా ఊపితే రెక్కల్లో ఒకటి మిగతావాటికంటే ఎత్తులోనో కిందనో తిరుగుతోందేమో ముందు చూస్తాం, పక్కలకి ఊపితే బరువు తేడా చూస్తాం. నాలుగు లైన్లే, కానీ ఆయన అక్కడ ఏం చూశాడో నేను ఇక్కడ నిలబడి చూడగలిగేవాణ్ణి.

ఆయన ఫ్లైట్ సేఫ్టీ పత్రికలకి వ్యాసాలు కూడా రాసేవాడు. నాకు నచ్చే విమాన రచయితలందరిదీ ఇదే దారి. షాన్ కోయిల్ కెనడా మిలిటరీలో పైలట్, తర్వాత టెస్ట్ పైలట్లకి పాఠాలు చెప్పాడు. రే ప్రౌటీ ఏరోడైనమిక్స్ ఇంజనీరు, జీవితమంతా హెలికాప్టర్ కంపెనీల్లో లెక్కలు కట్టాడు. పని చేసిన చేత్తో రాశారు కాబట్టే వాళ్ల మాట మా హ్యాంగర్లో చెల్లుతుంది.

ఒక హార్ పొద్దున్న కెప్టెనే కార్టర్ హార్మన్ గురించి చెప్పాడు. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలో శత్రువుల మధ్య చిక్కుకున్న నలుగుర్ని సికోర్‌స్కీ హెలికాప్టర్‌లో బయటికి తెచ్చిన అమెరికన్ లెఫ్టినెంట్. యుద్ధంలో హెలికాప్టర్‌తో మనుషుల్ని కాపాడినవాళ్లలో ఆయన్నే మొదటివాడిగా చెప్తారు. మన అస్సాంలోని లాలాఘాట్ నుంచి వెళ్లాడు. ఆ వేడికి ఇంజన్ తట్టుకోలేక ఒక్కసారికి ఒక్కణ్ణే మొయ్యగలిగేది, అందుకని మళ్లీ మళ్లీ వెళ్లాడు. అడవిలో ఆయన దిగిన స్ట్రిప్‌కి బ్రిటిష్ వాళ్లు పెట్టుకున్న పేరు అబర్డీన్! యుద్ధం తర్వాత ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో, టైమ్ పత్రికలో సంగీతం గురించి రాశాడట. అది విన్న రోజు ఇంటికెళ్లి నిద్రపోకుండా మా అబ్బాయికి మొత్తం చెప్పాను.

రాత ఎంత ముఖ్యమో ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 ఏప్రిల్ 1న రిగ్గు నుంచి తిరిగొస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ పీటర్‌హెడ్ దగ్గర సముద్రంలో పడి 16 మందీ చనిపోయారు. గేర్‌బాక్స్‌లో ఒక గేరు విరిగింది. వారం ముందు, మార్చి 25న, ఆ గేర్‌బాక్స్‌లో, అరిగి ఊడిన లోహపు ముక్కల్ని పట్టుకోడానికి పెట్టే అయస్కాంతపు ప్లగ్‌కి ఒక లోహపు రేకు అంటుకుని దొరికింది. ఫోన్లలో, ఈమెయిళ్లలో మాటలు నడిచాయి, ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరేగా అర్థమైంది, ఆ రేకు ఏ గేరు గురించి హెచ్చరిస్తోందో ఎవరూ పోల్చుకోలేదు. అలాంటి ప్లగ్ నేను ఇప్పటికి ఎన్నిసార్లు తీసి ఉంటానో. గోటి మీద పెట్టుకుంటే ఊదితే ఎగిరిపోయేంత రేకు ఉంటుంది. ప్రతిసారీ దాని పొడవు, మెరుపు, ఆకారం రాసి, ఫోటో తీసి, పక్క షిఫ్ట్ వాడికి నోటితో కూడా చెప్పి గానీ హ్యాంగర్ దాటను.

అయినా పొరపాటు నా చేత కూడా జరిగింది. ఒక రాత్రి పనిముట్లు లెక్కపెడితే టార్చ్ ఒకటి తగ్గింది. రోటర్ కింద, గేర్‌బాక్స్ పక్కన దొరికింది. హెలికాప్టర్ ఇంకా బయటికి పోలేదు కాబట్టి బతికిపోయాం. ఇక్కడ చిర్ప్ అని ఒకటుంది, 1982 నుంచీ నడుస్తోంది, పేరు బయటపడకుండా మన పొరపాటు రాసి పంపొచ్చు, మిగతావాళ్లు చదివి జాగ్రత్త పడతారు. నేనూ రాశాను. ఎన్ని గంటలకి, ఎంత అలసటలో, ఎవరు లెక్కపెట్టారు, అన్నీ పెట్టాను. పంపేముందు కెప్టెన్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను, అప్పటికి ఆయన రిటైరయ్యాడు.

అంతా విని, "టార్చ్ ఎందుకు కింద పెట్టావు?" అన్నాడు.

బోల్టులు వదులవకుండా కట్టే లాక్‌వైర్ మెలి తిప్పడానికి రెండు చేతులూ కావాలి. హెడ్‌టార్చ్ బ్యాటరీ అయిపోయింది, స్టోర్‌కి వెళ్తే పావుగంట పడుతుందని చేతి టార్చ్‌నే పక్కన ఆనించి వెలుగు పడేలా పెట్టుకున్నాను. ఆ సంగతి చెప్పాను.

"అది రాయలేదు కదా నువ్వు. మిగతాదంతా వాళ్లకి తెలిసిందే."

ఫోన్ పెట్టేసి ఆ టార్చ్ సంగతి రెండు వాక్యాల్లో పైన చేర్చి పంపాను.