మౌంట్ హుడ్ అడవి నుంచి మూడో అంతస్తు దాకా: క్రిస్మస్ చెట్టుతో నా అనుభవం

అడవికెళ్ళి క్రిస్మస్ చెట్టు కోసుకొచ్చామంటే అందరూ రంపం గురించే అడుగుతారు. రంపం పని పది నిమిషాలు. చెట్టుని అపార్ట్‌మెంటు తలుపు దాటించి, నీళ్ళలో నిటారుగా నిలబెట్టేసరికే ప్రాణం పోయింది. సెమీ క్రిస్మస్‌కి వచ్చినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, కోపం చల్లారకముందే ఇక్కడ రాసేస్తున్నాను.

చీరాల వైపు పెరిగినవాళ్ళకి క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. తోటవాళ్ళనడిగి ఓ కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన బక్కెట్లో గుచ్చి, బక్కెట్‌కి రంగు కాగితం చుట్టి, పైన దూది అంటించేస్తే పండగ వచ్చేసినట్టే. ఇక్కడ అమెరికాలోని ఆరిగన్‌లో దానికో పర్మిట్టు, ఓ స్టాండు, పైగా మా అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు.

పర్మిట్టు తేలిక. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో మౌంట్ హుడ్ నేషనల్ ఫారెస్ట్ పేరు వెతికితే వస్తుంది. చెట్టుకి 5 డాలర్లు, పైన 2.50 సర్వీసు ఫీజు. ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లలుంటే 'ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్' పాసు తీసుకోండి, ఒక చెట్టు పర్మిట్టు ఉచితం, సర్వీసు ఫీజు మాత్రం తప్పదు. పర్మిట్టు కాగితం ప్రింటు తీసి కారు డాష్‌బోర్డు మీద కనపడేలా పెట్టాలి. ఫోన్లో ఉందిలే అనుకోకండి. ఆ కాగితం అడవిలో కంటే ఇంటి దగ్గరే నాకు ఎక్కువ పనికొచ్చింది, ఎలాగో కింద చెప్తాను.

ఏ రోడ్ల పక్కన కోయొచ్చో చూపే మ్యాపుని ఇంట్లోనే ఫోన్లోకి దించుకోండి, కొండ మీద సిగ్నల్ ఉండదు. అడవి రోడ్ల మీద మంచు తీసేవాళ్ళుండరు, టైర్లకి గొలుసులు దగ్గరుండాలి. 'స్నో పార్క్' అనే, మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలాల్లో కారు ఆపితే నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా వేరే పర్మిట్టు కొనాలి, దానికీ చెట్టు పర్మిట్టుకీ సంబంధం లేదు. డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా చెట్టు కారు మీద ఉండాలి. ఆలస్యంగా బయల్దేరే మనవాళ్ళ అలవాటు ఇక్కడ చెల్లదు.

ఏ చెట్టు కోయాలన్నది తెలియకుండా వెళ్తే డబ్బులు, పెట్రోలు దండగ. ఇప్పుడు నన్ను కళ్ళకి గంతలు కట్టి నిలబెట్టినా వేళ్ళతో తడిమి చెప్పగలను. ఒక్క సూదాకు తుంచి వేళ్ళ మధ్య దొర్లించండి. నలుపలకలుగా ఉండి దొర్లితే స్ప్రూస్. గుచ్చుకుంటుంది, పిల్లలున్న ఇంటికి వద్దు. చదునుగా ఉండి దొర్లకపోతే ఫర్. గుత్తులుగా వస్తే పైన్. కొమ్మ చుట్టూ అన్ని వైపులా మెత్తటి ఆకులుండి, మొగ్గలు సన్నగా మొనదేలి ఉంటే డగ్లస్ ఫర్. ఆకులన్నీ పైకి తిరిగి, కొమ్మలు అంతస్తులంతస్తులుగా, మధ్యలో ఖాళీతో గట్టిగా ఉంటే నోబుల్ ఫర్. మాకు కావలసింది అదే. బరువైన అలంకరణలు వేలాడదీసినా కొమ్మ వంగదు, నీళ్ళు పోస్తుంటే ఆకు త్వరగా రాలదు. అది సుమారు 3,000 అడుగుల ఎత్తు దాటాకే బాగా కనిపిస్తుంది, అందుకే మంచులోకి వెళ్ళక తప్పదు. కొస వాలిపోయి ఉన్న చెట్టు హెమ్లాక్. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ ఇంట్లో పెట్టిన కొద్ది రోజులకే ఆకంతా కార్పెట్ మీద ఉంటుంది. బాగా ఎత్తున, గుత్తికి ఐదేసి ఆకులతో పైన్ కనపడితే దాని జోలికి వెళ్ళకండి, వైట్‌బార్క్ పైన్ అయ్యుండొచ్చు. 2022 డిసెంబర్లో దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు.

మొదలు 6 అంగుళాల లోపు లావుండాలి. గుంపుగా, ఒకదానికొకటి ఊపిరాడకుండా పెరిగినచోటే కోయాలి. పక్క చెట్లకి వెలుతురు తగులుతుంది, అటవీశాఖ పర్మిట్లు అమ్మడంలో ఉద్దేశం కూడా కొంత అదే. 'పండగ పేరు చెప్పి పచ్చని చెట్టు కొట్టారా' అని ఊర్నించి వాట్సాప్‌లో బాధపడిన బంధువులకి ఈ మాటే చెప్పాను. వాళ్ళింట్లో ఏటా కొత్తది కొనే ప్లాస్టిక్ చెట్టు ఎక్కడ పెరుగుతుందో మాత్రం వాళ్ళు చెప్పలేదు.

రెండు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు. ఒకటి, ఆకాశం కింద చెట్టు చిన్నగా కనిపిస్తుంది. పైకప్పు 8 అడుగులుంటే స్టాండుకి అర అడుగు, పైన నక్షత్రానికి ఇంకో అర అడుగు పైచిలుకు తీసేసి, ఆరున్నర అడుగుల చెట్టు చూసుకోవాలి. కంటి అంచనా నమ్మకుండా టేపు పట్టుకోండి, వెడల్పు కూడా కొలవండి. రెండోది, ఏటవాలులో పెరిగిన చెట్టు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఏటేటా మంచు కిందికి జారుతూ లేత మొక్కని తోస్తుంటే మొదలు దగ్గర వంపు తిరుగుతుంది. పైన నిటారుగానే ఉంటుంది, మంచు తవ్వి చూస్తేగానీ ఆ వంపు తెలియదు. అలాంటి మొదలు ఏ స్టాండులోనూ సరిగ్గా కూర్చోదు. చదును నేల మీది చెట్టు కాస్త బోసిగా ఉన్నా అదే మేలు. ఖాళీగా ఉన్న వైపు గోడకి తిప్పుకోవచ్చు.

కోసేముందు మొదలు చుట్టూ మంచు నేల దాకా తవ్వేయాలి. మోడు 6 అంగుళాలకి మించకూడదన్న కొలత నేల నుంచి, మంచు మీద నుంచి కాదు. అడ్డొచ్చే అడుగు కొమ్మలు తీసేసి, టార్పాలిన్ పరుచుకుని పడుకుని కోయాలి. చెట్టు పడాల్సిన వైపు మూడో వంతు కోసి, తర్వాత వెనక వైపు నుంచి కోయండి. ఇంకొకరు చెట్టుని మెల్లగా అవతలికి వంచి పట్టుకోకపోతే బరువుకి సందు మూసుకుపోయి రంపం ఇరుక్కుంటుంది. విల్లు రంపం చాలు. పొడుగాటి చెట్టు నరికి పైభాగం మాత్రం పట్టుకుపోవడం నిషేధం, అదో దిక్కుమాలిన పని కూడా.

కారు పైన పాత దుప్పటి వేసి, మొదలు ముందుకి, కొస వెనక్కి ఉండేలా కట్టాలి. అప్పుడే గాలికి కొమ్మలు ముడుచుకుంటాయి, తిరగేసి కడితే విచ్చుకుని విరుగుతాయి. తాడు కిటికీల్లోంచి వేస్తే తలుపులు తెరుచుకోవు. నాలుగు తలుపులూ తెరిచి లోపల్నించి తాడు తీసి, ఆ తర్వాత తలుపులు మూయండి. హైవే గాలికి ఆకు ఎండిపోకుండా చెట్టంతా టార్పాలిన్‌తో చుట్టేయండి.

ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఇంటికొచ్చి కట్లు విప్పుతుంటే లీజింగ్ ఆఫీసావిడ బయటికొచ్చింది. నిజం చెట్లు లోపలికి రానివ్వమంది. లీజులో ఆ మాట లేదే అన్నాను. డిసెంబరు న్యూస్‌లెటర్లో వేశామంది. 'అడవిలో చెట్టు కొట్టడానికి మీకు అనుమతుందా?' అని ఇంకో ప్రశ్న. కుక్కల్ని తిప్పడానికొచ్చిన పొరుగువాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. పిల్లల ముందు మమ్మల్ని దొంగసరుకుతో పట్టుబడ్డట్టు నిలబెట్టింది. పర్మిట్టు కాగితం పనికొచ్చింది అప్పుడే. డాష్‌బోర్డు మీది ప్రింటు తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, 'అయినా సరే, రూలు రూలే' అంది. రెండో అంతస్తువాళ్ళు దుకాణంలో కొన్న చెట్టు అంతకుముందే పైకి వెళ్ళింది, వాళ్ళ బాల్కనీ అద్దంలోంచి లైట్లు కనిపిస్తున్నాయి. అది నిజం చెట్టు కాదా అంటే ఆవిడ దగ్గర సమాధానం లేదు. బిల్లు చూపించే సరుకుకి ఉన్న మర్యాద చేత్తో కోసుకొచ్చినదానికి ఏ దేశంలోనూ లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. చాలా రాష్ట్రాల నిబంధనలకి మూలమైన ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్, కోసిన చెట్లని అపార్ట్‌మెంటు భవనాల్లో పెట్టొద్దనే అంటుంది. కానీ ఆ వెంటనే మినహాయింపు ఉంది: ఎవరి వాటాలో వాళ్ళు పెట్టుకోవచ్చు, మంట వస్తే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లున్న చోట లాబీలోనూ పెట్టొచ్చు. అయితే యజమాని ఇంతకంటే గట్టి షరతు లీజులో రాసి సంతకం పెట్టించుకుంటే మనం నోరు మూసుకోవాల్సిందే. అందుకని మీరు నవంబర్లోనే లీజు తీసి, 'చెట్టు', 'మంట', 'అలంకరణ' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. లేకపోతే ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. నోటిమాట వద్దు. కౌంటర్లో నవ్వుతూ 'పర్లేదు' అన్న మనిషి డిసెంబర్లో ఆ సీట్లో ఉండకపోవచ్చు.

కోడ్‌లోని ఆ ముక్కనీ, మా లీజునీ జతచేసి వాళ్ళ పైఅధికారికి రాశాను. తెల్లవారాక ఒప్పుకున్నారు, షరతులతో: లిఫ్టు వాడకూడదు, వెనక మెట్ల మీద నుంచే తేవాలి, చెట్టు మొత్తం చుట్టి ఉండాలి, కారిడార్లో ఆకు రాలితే శుభ్రం చేసినందుకు డబ్బు కట్టాలి. మూడు అంతస్తులు. ఇలా మోయాల్సొస్తే పాత దుప్పటితో చుట్టి తాడు బిగించండి. ఆ దుప్పటి మీద ఆశ వదులుకోవాలి, బంక ఉతికినా పోదు. మెట్ల మీదా తలుపుల్లోనూ మొదలే ముందు వెళ్ళాలి, అప్పుడే కొమ్మలు ముడుచుకుని దూరతాయి.

ఆఫీసు పుణ్యమా అని చెట్టు రాత్రంతా నీళ్ళు లేకుండా ఉంది. కోసిన చోట బంక కారి, ఆరేడు గంటల్లో పొరలా గట్టిపడుతుంది. ఆ పొర ఉండగా ఎన్ని నీళ్ళు పోసినా చెట్టు తాగదు. అందుకని పైకి ఎక్కించేముందే మొదలు నుంచి అర అంగుళం నుంచి అంగుళం మందాన బిళ్ళ కోసేయాలి. అడ్డంగా, చదునుగా. ఏటవాలుగా కోయడం, మధ్యలో రంధ్రం పెట్టడం వల్ల ఏమీ ఒరగదు. బెరడు చెక్కడం ఇంకా తప్పు, నీళ్ళు ఎక్కువగా లాగేది బెరడుకి ఆనుకున్న పైపొరలే. మేం పార్కింగ్‌లోనే కోశాం. రంపంపొట్టు పడిందని ఆవిడ మళ్ళీ వచ్చింది. చీపురు ముందే తెచ్చుకున్నాం. ఆవిడ చూస్తుండగానే ఊడ్చాం.

స్టాండు బిగించడం చెట్టుని పడుకోబెట్టే చేయాలి. నిలబెట్టి ఎక్కించబోతే ఒకళ్ళు చెట్టు కిందా ఇంకొకళ్ళు చెట్టు మీదా ఉంటారు. అడుగు కొమ్మలు తీసేసి, మొదలు స్టాండు అడుగున ఉండే మేకుకి ఆనేదాకా నెట్టి, నాలుగు మరలూ చుట్టూ సమానంగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటే ముందు బిగిస్తే చెట్టు ఎదుటి వైపు ఒరుగుతుంది. లేపాక మధ్యలో ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి చూడాలి, తర్వాత పక్కకెళ్ళి చూడాలి. ముందు నుంచి నిటారుగా ఉన్నది పక్క నుంచి చూస్తే నమస్కారం పెడుతూ ఉంటుంది. ఒరిగిందని మరలు పూర్తిగా వదులు చేయకండి. ఒరిగిన వైపు మర పావు చుట్టు బిగించి, ఎదుటిది అంతే వదలాలి. మొదలు సన్నగా ఉండి మర అందకపోతే మధ్యలో చెక్కముక్క పెట్టండి. స్టాండు కొనేటప్పుడు పట్టే లావుతో పాటు ఎన్ని నీళ్ళు పడతాయో కూడా చూడాలి. మొదలు లావు అంగుళానికి రోజుకి సుమారు లీటరు చొప్పున లెక్క, అంటే 4 అంగుళాల మొదలుకి 4 లీటర్లు. మొదటి రోజు బాగా తాగుతుంది, తర్వాత తగ్గుతుంది. మామూలు పంపు నీళ్ళు చాలు. పంచదార, ఆస్పిరిన్ లాంటి చిట్కాలు చెప్పేవాళ్ళకి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోండి. నీటిమట్టం కోసిన అంచు కిందికి దిగిందా, మళ్ళీ బంక పొర కట్టేస్తుంది. అలంకరణలన్నీ వేలాడుతుండగా ఆ చెట్టుని పడుకోబెట్టి బిళ్ళ కోసేవాళ్ళెవరూ ఉండరు. పొద్దున ఒకసారి, పడుకునేముందు ఒకసారి చూడాల్సిందే.

హీటరు గాలి వచ్చే చోటుకి దూరంగా పెట్టి, ఎల్ఈడీ లైట్లే వేయండి. వేడెక్కే పాత బల్బులు ఆకుని ఎండబెడతాయి. కొమ్మ కొస వంచి చూస్తుండండి. పచ్చి ఆకు వంగుతుంది, ఎండినది టక్కున విరుగుతుంది. విరగడం మొదలైతే న్యూ ఇయర్ దాకా ఆగకుండా తీసేయడమే. చేతి బంకకి సబ్బు పనిచేయదు, ముందు కొబ్బరినూనె రాసి రుద్ది ఆ తర్వాత సబ్బు పెట్టండి.

చెట్టు తీసేయడానికి ఆఫీసు నోటీసు అప్పుడే తలుపు కింద నుంచి వచ్చేసింది: ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్త దగ్గర పెట్టాలట. చెట్లు పట్టుకెళ్ళి పొట్టు చేసేవాళ్ళు ప్లాస్టిక్ చుట్టి ఉంటే ముట్టుకోరు, తళుకు దారాలు కూడా తీసేయమంటారు. ఈ ముక్కా ఈమెయిల్లో రాసి పంపాను, జవాబు ఇంకా రాలేదు.