ఆమ్నెస్టీ ఇచ్చినారంట!

కువైట్‌లో ఆమ్నెస్టీ, అంటే కాగితాలు లేకుండా ఉండిపోయినోళ్లకు క్షమాభిక్ష, ఇచ్చినారంటే మా రాజంపేట పక్క పల్లెలన్నిటికీ ఒక పూటలో తెలిసిపోతుంది. 2018 జనవరి ఆఖర్లో ఇచ్చినప్పుడు ముందు ఫిబ్రవరి 22 గడువన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పెంచినారు. అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి రావచ్చు, కొత్త వీసా దొరికితే మళ్లీ పోవచ్చు. అదే చెకింగులో దొరికితే జైలు, వేలిముద్రలు, తిరిగి అడుగు పెట్టకుండా నిషేధం.

మా చిన్నమ్మ ఆ గడువులోనే వచ్చింది. ఖాదిం (పనిమనిషి) వీసా మీద ఇంటిపనికి పోయిన మనిషి. నెలల తరబడి జీతం ఇవ్వకపోతే ఆ ఇల్లు వదిలి బయట పని చూసుకుంది. అకామా ఉండేది కఫీల్ చేతిలో, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని చేతిలో. పనిమనిషి గడప దాటితే ఆయన పరారీ కేసు పెడతాడు. ఆ కేసు పడిందంటే చట్టం ముందు తప్పు ఆమెదే. పాస్‌పోర్టు యజమాని పట్టుకోగూడదని 2015లో అక్కడ చట్టమే చేసినారు. అయినా చిన్నమ్మ పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయింది. జీతం ఎగ్గొట్టినారని ఫిర్యాదు చేద్దామంటే, స్టేషన్‌కు పోతే పట్టుకునేది ఆమెనే కదా.

నాకు కడుపు మండేది ఇక్కడే.

అకామా లేకుండా ఉన్నందుకు అప్పట్లో జరిమానా రోజుకు రెండు దీనార్లు, 600 దీనార్ల దాకా పోయేది. ఇంటిపనికి 2016లో పెట్టిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. పది నెలల కష్టం! వలస కూలీలు ఎక్కువగా ఉండే జిలీబ్‌లో పోలీసులు దిగినారంటే బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) లేనివాళ్లు గదుల్లోంచి బయటికే రారు. జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోరు. చిన్నమ్మ కూడా అట్లాగే గడిపి, ఆమ్నెస్టీ రాగానే ఎంబసీలో ఔట్‌పాసు (పాస్‌పోర్టు లేనోళ్లు ఇంటికి రావడానికిచ్చే కాగితం) తీసుకుని బయటపడింది.

అకామా లేనివాళ్లను పంపించే హక్కు ఏ దేశానికైనా ఉంది, నేను కాదనను. 2020లోనూ, 2024లోనూ మళ్లీ ఆమ్నెస్టీ ఇచ్చినారు. కఫీల్ వదిలితే తప్ప పని మారలేని పద్ధతి ఉన్నన్నాళ్లు అకామా లేనివాళ్లు పుడుతూనే ఉంటారు. ఔట్‌పాసుకు కాగితాలు రాసుకునే చోటే "నీకు రావాల్సిన జీతమెంత?" అని కూడా రాసుకోవాలని నా పట్టుదల. చిన్నమ్మను ఆ మాట అక్కడా ఎవరూ అడగలేదు, ఇక్కడ దిగినాకా అడగలేదు.