పెద్దమ్మ చీర అంచు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది

నిన్న ఆదివారం మా మేనల్లుడు గచ్చు మీద దోగాడుతూ నా వైపు వస్తుంటే, చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిన లెన్స్‌తో 12 ఫొటోలు తీశాను. అందులో ఏడింట్లో వాడి కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. కెమెరానే ఫోకస్ చూసుకునే ఆటోఫోకస్ అలవాటైన వాళ్ళకి ఇదేం గొప్ప అనిపిస్తుంది. రెండు నెలల క్రితం అదే గచ్చు మీద, అదే పిల్లాణ్ణి, అదే లెన్స్‌తో 140 ఫొటోలు తీస్తే ఒక్కదాంట్లో కూడా వాడి మొహం సరిగ్గా రాలేదు. అందుకే ఈ ఏడు ఫొటోలకీ నిన్నటి నుంచి ఇంత సంబరపడుతున్నాను.

నా కెమెరా సోనీ ఏ6000. 2014లో వచ్చిన మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాంతో వచ్చిన జూమ్ లెన్స్ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఏం తీసినా చీకటిగా, గరుకుగా వస్తోందని టీటీ ఆర్టిజాన్ 35 ఎం.ఎం. ఎఫ్ 1.4 అనే లెన్స్ తీసుకున్నాను. ఆటోఫోకస్ ఉన్న సోనీ 35 ఎం.ఎం. లెన్స్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. అరచేతిలో ఇమిడిపోతుంది, ఒళ్ళంతా లోహం. తిప్పడానికి రెండు రింగులు, ఒకటి ఫోకస్‌కి, ఒకటి అపర్చర్‌కి, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రానికి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, స్పష్టంగా వచ్చే మందం అంత తక్కువ. లోపల మోటారు లేదు, కెమెరాతో మాట్లాడే పిన్నులూ లేవు.

ఆ పిన్నులు లేకపోవడమే మొదటి దెబ్బ. లెన్స్ బిగించి షట్టర్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కోఠిలో ఒక కొట్టుకి తీసుకెళ్తే అక్కడి పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి చూసి, బాడీలో బోర్డు పోయిందని తేల్చాడు. రెండు రోజులు ఉంచితే 3,500కి బాగుచేస్తాడట. ఎందుకో మనసొప్పక ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను. ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని మెనూ మొత్తం ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, లెన్స్ లేకుండా కూడా షట్టర్ పడనివ్వాలా అని అడిగే సెట్టింగ్ ఒకటి కనిపించింది. పిన్నులు లేని లెన్స్ తగిలిస్తే కెమెరా అసలు లెన్సే లేదనుకుంటుంది. దాన్ని ఎనేబుల్ చేశాను, టక్‌మని పడింది. ఆ కొట్టు పేరు చెప్పను గానీ, కెమెరా ఎవరి చేతికైనా ఇచ్చేముందు మెనూ ఆ చివర నుంచి ఈ చివర దాకా మీరే చూసుకోండి.

తర్వాత వారం రోజులు బాల్కనీలో తులసి కోటని, టీ గ్లాసుని, నిద్రపోతున్న వీధి కుక్కని తీశాను. వెనకంతా వెన్నలా కరిగిపోయి, ముందున్నది మాత్రం చెక్కినట్టు కనబడుతుంటే నాకు నేనే ముద్దొచ్చాను. ఫోకస్ పీకింగ్ అని ఒకటుంటుంది, ఫోకస్ కుదిరిన అంచుల మీద ఎర్రటి గీతలు మెరుస్తాయి. వీడియోల్లో అందరూ అది ఆన్ చేస్తే చాలు, మాన్యువల్ ఫోకస్ వచ్చేసినట్టే అంటారు. నేనూ నమ్మాను. కుక్క కదల్లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. ఆరో నెలలో ఏదో అడ్డం వచ్చి కుదరలేదు కాబట్టి బాబుకి ఎనిమిదో నెలలో అన్నప్రాశన పెట్టుకున్నారట. మగపిల్లాడు కాబట్టి సరిసంఖ్య నెలే కావాలి, అది దాటితే మళ్ళీ రెండు నెలలు ఆగాలి. గుంటూరులో వాళ్ళింట్లోనే. ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుతున్నాం, 8,000 అడుగుతున్నాడని అంది. "నేనున్నానుగా, ఎందుకే దండగ!" అన్నాను. ఈ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఇంకో 8,000 నేనే కట్టేవాణ్ణి.

పూజ దాకా బాగానే నడిచింది. ఎవరూ కదలరు కదా. మేనమామని కాబట్టి బంగారు ఉంగరంతో పరమాన్నం మొదట నేనే నాకించాలి. కెమెరా మా బాబాయి కొడుకు చేతికిచ్చి కూర్చున్నాను. వాడు రెండుసార్లు నొక్కి, "అన్నా, ఇది ఫోకస్ అవ్వట్లేదు" అన్నాడు. "రింగు తిప్పరా" అంటే అపర్చర్ రింగు తిప్పాడు. నేను నా మేనల్లుడికి మొదటి ముద్ద పెట్టిన ఫొటో ప్రపంచంలో ఎక్కడా లేదు.

అది నా ఒక్కడి నష్టం. అసలు కథ దోగాడించేటప్పుడు జరిగింది. చాప మీద పళ్ళెం పెట్టి అందులో పుస్తకం, పెన్ను, గొలుసు, నోట్లు, చిన్న కత్తి, పువ్వులు సర్దారు. బాబుని అవతలి గోడ దగ్గర కూర్చోబెట్టారు. నేను పళ్ళెం ఇవతల బోర్లా పడుకుని ఎఫ్ 1.4 పెట్టుకున్నాను. 35 ఎం.ఎం. లెన్స్, ఇలాంటి కెమెరా మీద, మీటరు దూరంలో ఎఫ్ 1.4 దగ్గర స్పష్టంగా వచ్చే మందం ఇంచుమించు నాలుగున్నర సెంటీమీటర్లు. అంటే మూడు వేళ్ళు పక్కపక్కన పెట్టినంత. దోగాడే పిల్లాడు ఒక్క అడుగు వేస్తే అంతకు రెండింతలు ముందుకొస్తాడు. ఈ లెక్క అప్పుడు తెలియదు.

వాడు కదిలాడు. నేను రింగు తిప్పాను. ఎర్రగీతలు వెలిగాయి, నొక్కాను. వాడు ఇంకా దగ్గరికొచ్చాడు. కంగారులో రింగు అటు తిప్పాలో ఇటు తిప్పాలో మర్చిపోయి దూరం వైపు తిప్పేశాను. మళ్ళీ వెనక్కి. వాడు మధ్యలో ఆగి వాళ్ళమ్మ కోసం పక్కకి చూశాడు, నేను ఫోకస్ కుదుర్చుకునేలోపు మళ్ళీ బయల్దేరాడు. చుట్టూ ముప్పై మంది. అందరూ "నాన్నా, ఇటు ఇటు" అని చప్పట్లు. నాకు చెమటలు పట్టి కళ్ళద్దాలు జారి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మొత్తం మసకైపోయింది. అప్పుడు వినబడింది మా బావ గొంతు:

"ఏం బామ్మర్దీ, ఇందాకటి నుంచి తిప్పుతున్నావు, ఏ స్టేషనన్నా తగిలిందా?"

హాలు హాలంతా ఘొల్లుమంది. బాబు కూడా నవ్వాడు, ఆ నవ్వూ రాలేదు. ఈ గొడవలోనే వాడు పళ్ళెం దగ్గరికొచ్చి ఏదో పట్టుకున్నాడు. అది పెన్ను అని నాకు తెలిసింది బావ ఫోన్‌లో వీడియో చూసినప్పుడే.

ఆ రాత్రి ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో వేస్తే అందరూ చుట్టూ చేరారు. ముందు ఎవరూ ఏమీ అనలేదు, అదే ఘోరం. పళ్ళెం అంచు స్పష్టంగా ఉంది. పుస్తకం అట్ట మీద అక్షరాలు చదవొచ్చు. బాబు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మా పెద్దమ్మ మంగళగిరి పట్టుచీర జరీ అంచైతే పోగు పోగు లెక్కపెట్టొచ్చు. వాటి మధ్య గులాబీరంగు మేఘంలా ఏదో ఉంది, అది బాబు. అక్క ఒక్కటే అడిగింది: "ఒరేయ్, వీడి మొహం ఏదిరా?" తిట్టినా బాగుండేది. తను గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు బావ తన ఫోన్ ఫొటోలు కుటుంబం గ్రూపులో పెడితే అందరూ దండాలు, హృదయాలు. నా ఫొటో ఒకటి పెడితే పెద్దమ్మ ఒక్కతే బొటనవేలు చూపించింది.

హైదరాబాద్ వచ్చాక ఆ 140 ఫొటోలూ డిలీట్ చెయ్యకుండా ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. మీ చెత్త ఫొటోల కన్నా మంచి మాస్టారు దొరకడు, వీడియోల జోలికి పోకండి. రెండు సంగతులు బయటపడ్డాయి. పీకింగ్ అనేది నిజానికి ఫోకస్‌ని చూడదు, వెలుగుకీ నీడకీ తేడా గట్టిగా ఉన్న అంచుల్ని వెతుకుతుంది. జరీ, ఇత్తడి పళ్ళెం, అచ్చు అక్షరాలు దానికి పండగ. చంటిపిల్లాడి నున్నటి బుగ్గ మీద దానికి అంచే దొరకదు. నేను పీకింగ్ లెవెల్ హై పెట్టుకుని చీర అంచు మెరుపు చూసి నొక్కుతూ పోయాను. రెండోది, చాలా ఫొటోల్లో షట్టర్ తెరుచుకుని ఉన్నది సెకనులో 60వ వంతు. ఐఎస్ఓని, అంటే అందిన వెలుగుని పెంచి చూపించే మోతాదుని, ఆటోలో పెట్టి షట్టర్ సంగతి కెమెరాకి వదిలేస్తే చీకట్లో ఇది అక్కడికి దిగిపోతుంది. ఆ వేగానికి దోగాడే పిల్లాడు చెరిగిపోతాడు, ఫోకస్ కుదిరినా అంతే. సగం పాపం ఫోకస్‌ది కాదన్నమాట. అపర్చర్ ఎంత పెట్టానో మాత్రం ఫొటో వివరాల్లో ఉండదు, పిన్నులు లేవు కాబట్టి కెమెరాకే తెలియదు.

ఇంత తెలిసినా చెయ్యి తిరగలేదు. మా పనమ్మాయి కూతురు వరండాలో ఆడుకుంటుంటే వాళ్ళమ్మని అడిగి తీశాను, మళ్ళీ అదే మేఘం.

దారి చూపించింది మా నాన్న స్నేహితుడు ఒకాయన. గుంటూరులో ఒకప్పుడు స్టూడియో నడిపారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన చెయ్యి తిరిగింది ట్విన్ లెన్స్ యాషికా అనే పాత ఫిల్ము కెమెరా మీద. పైనుంచి గాజు తెరలోకి తొంగి చూడాలి, అందులో కుడి ఎడమలు తారుమారుగా కనబడతాయి. 120 రకం ఫిల్ము రోలు వేస్తే 12 ఫొటోలు, అంతే. నా ఫొటోలు చూసి లెన్స్ గురించి ఏమీ అడగలేదు.

"పిల్లాడు ఎంత దూరంలో ఉన్నాడు?"

"తెలీదు బాబాయ్."

"దూరం తెలీకుండా దేన్ని తిప్పావురా మరి?"

ఆయన మాటేంటంటే, కదిలేదాని వెనక రింగు తిప్పుకుంటూ పరిగెత్తకూడదు. ఎక్కడ తియ్యాలో ముందే అనుకుని, అక్కడికి ఫోకస్ పెట్టేసి, చెయ్యి తీసేసి కూర్చోవాలి. మనిషి అక్కడికి రాగానే నొక్కాలి. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు దండం పెట్టినా ఎవరూ ఆగరు, అందుకే పీటల నుంచి ఎన్ని అడుగుల్లో నిలబడాలో ముందే చూసుకునేవారట.

నాకు అడుగుల అంచనా రాదు. ఇంట్లో చూస్తే గచ్చు టైల్స్ ఉన్నాయి, ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు. లెన్స్ మీద తెల్ల టేపు ముక్క అంటించి ఒక టైలు, రెండు టైళ్ళు, మూడు టైళ్ళు అని పెన్నుతో గీతలు పెట్టుకున్నాను. ఫోకస్ మాగ్నిఫైయర్‌ని సీ1 బటన్‌కి ఇచ్చి, 11.7 రెట్లు పెద్దది చేసి చూస్తూ ఒక్కో గీతా కుదిర్చాను. పీకింగ్‌ని లో చేశాను. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, కంటి పవర్‌కి సర్దుకునేది. నాది ఎప్పుడో తిరిగిపోయి ఉంది. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు ముందు అది చూసుకోండి, లేకపోతే లెన్స్‌ని తిట్టుకుంటూ బతుకుతారు.

తర్వాత అపర్చర్. ఎఫ్ 5.6 పెట్టి మూడు టైళ్ళ దూరానికి, అంటే 1.8 మీటర్లకి ఫోకస్ పెడితే స్పష్టంగా వచ్చే మేర సుమారు 60 సెంటీమీటర్లు. ఒక టైలు నిండా! ఆ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షట్టర్ నేనే పెట్టుకునే ఎం మోడ్, షట్టర్ సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ ఆటో. కొంచెం గరుకొస్తుంది, రానివ్వండి. ఎఫ్ 1.4 కోసం కొన్న లెన్స్‌ని ఎఫ్ 5.6లో వాడటమేంటని ఆఫీసులో ఒకాయన ఎత్తిపొడిచాడు. ఆయన రెండు లక్షల కెమెరాతో వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లుల్ని తీస్తాడు, కళ్ళ మీద ఫోకస్ అదే పడుతుంది, ఆయన చేసేది నొక్కడమే. ఆయనకి దూరం అంటే ఏంటో తెలుసా అని నా అనుమానం.

నెలన్నర పాటు కాఫీ కప్పుని టైలు మీద నుంచి టైలుకి జరుపుకుంటూ తీశాను. మనుషులు కూర్చుని ఉంటే ఎఫ్ 2కి వస్తాను. అప్పుడు కూడా రింగుని ముట్టుకోను, నేనే నడుం వంచి నాలుగు వేళ్ళు ముందుకో వెనక్కో జరుగుతాను. రింగు కన్నా నడుం బాగా మాట వింటుంది.

నిన్న అక్క వాళ్ళ హాల్లో నాకు ఎదురుగా మూడో టైలు మీద ఒక గిలక్కాయ పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. కిటికీ తెరలన్నీ తీసేశాను. బావ ఏదో అనబోయి ఊరుకున్నాడు. బాబు గిలక్కాయ కోసం వచ్చాడు, టైలు గీత మీద వాడి చెయ్యి పడింది, నొక్కాను. మళ్ళీ అవతల కూర్చోబెట్టాం, మళ్ళీ వచ్చాడు. నాలుగుసార్లు. అక్క కెమెరా వెనక తెరలో చూసి పెద్దది చెయ్యమంది. కనురెప్పలు కనబడ్డాయి. ఏమీ అనలేదు, ప్లేటులో ఇంకో రెండు గారెలు వేసింది.

రాత్రి ఆ ఏడూ గ్రూపులో పెట్టాను. పొద్దున్న లేచేసరికి పెద్దమ్మ ఫోన్. బాబు ఫొటోలు బాగున్నాయంటుందేమో అనుకున్నాను. అన్నప్రాశన నాటి ఆ చీర ఫొటో ఉంది కదా, దాన్ని పెద్ద సైజులో ప్రింటు తీయించి పంపమంది. మంగళగిరిలో నేతాయనకి చూపించి అదే అంచుతో ఇంకో చీర నేయించుకుంటుందట.