బోర్డింగ్ పాసు పారేయకండి

జర్మనీ ప్రాజెక్టు వచ్చిందని చెప్పగానే మా డిపార్ట్‌మెంటులో అందరూ అడిగింది ఒకటే: "ఏ మెషీన్ కొంటున్నారు మేడమ్?" మెషీన్ కాదు కదా, ఆ డబ్బుతో టెస్ట్‌ట్యూబు కూడా కొనకూడదు. ఢిల్లీలో ఉండే మన కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ), జర్మనీలోని బాన్‌లో ఉండే విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ (అందరూ డాడ్ అంటారు) కలిసి నడిపే పథకం ఇది. రెండేళ్ల పాటు మన పరిశోధకులు అక్కడికి, వాళ్ల పరిశోధకులు ఇక్కడికి వచ్చిపోయే ఖర్చే ఇస్తారు. మనవాళ్ల ఖర్చు డీఎస్‌టీది, వాళ్లది డాడ్‌ది. కెమికల్స్, జీతాలు మన తిప్పలు మనవి.

ఇది బుర్రకెక్కకే మొదటిసారి నా అప్లికేషన్ పోయింది. నల్గొండ గ్రానైటు రాళ్లలోంచి బోరునీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా దిగుతోందో పన్నెండు పేజీలు రాశాను. ఎవరు ఎప్పుడు వెళ్తారన్నది అరపేజీ. రెండోసారి తిరగేశాను. మా పీహెచ్‌డీ అమ్మాయి ఏ నెలలో వెళ్లి ఏ పరికరం మీద ఏం నేర్చుకుంటుంది, వాళ్ల కుర్రాడు మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఎందుకు రావాలి (వానలకు ముందు, తర్వాత నీళ్లు పట్టాలి కాబట్టి) అన్నదే ముందు పెట్టాను. వచ్చింది.

ఇంకో మెలిక ఉంది. మనం అప్లికేషన్ ఢిల్లీకి పంపినట్టే జర్మనీ వైపు ప్రొఫెసర్ కూడా బాన్‌కి పంపాలి. ఒక్క పక్క నుంచే వస్తే పక్కన పెట్టేస్తారు. గడువు వారం ఉందనగా ఈమెయిల్ పెడితే ఆయన సెలవులో ఉన్నానని ఆటోమేటిక్ జవాబొచ్చింది. ఆ వారం టెన్షన్ చెప్పను. చివరి రోజు పంపారు.

అసలు కథ డబ్బు వచ్చాక మొదలైంది. ప్రభుత్వ డబ్బుతో విమానం ఎక్కాలంటే టికెట్ బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ప్రభుత్వ సంస్థల్లోనే కొనాలి. కొన్నాం. అమ్మాయి వెళ్లింది, రెండు నెలలు పని చేసింది, వచ్చింది. బిల్లు పెడితే అకౌంట్స్ సెక్షన్ నుంచి ఎర్రసిరాతో తిరిగొచ్చింది: "బోర్డింగ్ పాస్ జతపరచలేదు."

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగగానే చెత్తబుట్టలో వేశాను మేడమ్. పాస్‌పోర్టులో స్టాంపు ఉంది కదా" అంది. స్టాంపు జిరాక్సు తీసి పట్టుకెళ్తే సూపరింటెండెంట్ గారు కళ్లజోడు సర్దుకుని, "ఈ అమ్మాయి దేశంలోకి వచ్చిందని ఇది చెప్తుందమ్మా, ఈ టికెట్ మీదే వచ్చిందని చెప్పదు" అన్నారు. కోపం వచ్చింది గానీ, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఎయిర్‌లైన్స్ దగ్గర ప్రయాణించినట్టు సర్టిఫికెట్ సంపాదించేసరికి మూడు వారాలు. ఆ బిల్లు తేలితేనే జీఎఫ్‌ఆర్ 12-ఏ అనే ప్రభుత్వ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) తయారవుతుంది. అది ఢిల్లీ చేరితేనే రెండో విడత డబ్బు. పైగా ఖాతాలో డబ్బు పడున్నందుకు వచ్చిన వడ్డీ 1,312 రూపాయలు ప్రభుత్వానికి డబ్బు కట్టే వెబ్‌సైటు భారత్‌కోశ్‌లో తిరిగి కట్టి ఆ రసీదూ జతచేయాలి.

మే నెలలో జర్మన్ కుర్రాడు వచ్చి మర్రిగూడలో మాతో ఎండలో బోర్లు తిరిగాడు. అతని ఖర్చు డాడ్‌ది కాబట్టి ఆగలేదు. అక్టోబరుకి అనుకున్న నా ప్రయాణం ఫిబ్రవరికి పోయింది.

మొన్న మా పీహెచ్‌డీ అమ్మాయి రెండోసారి వెళ్లింది. దుబాయ్‌లో విమానం మారి కూర్చోగానే వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. కింద ఒక్క లైను: "రెండు పాసులూ పాస్‌పోర్టులోనే ఉన్నాయి మేడమ్."