రెండూ వలపట ఎద్దులే

కారెక్కి కూర్చున్నాక తాత నా వైపు చూసి, "అయితే నువ్వు వలపట, నేను దాపట" అన్నాడు. తనలో తాను నవ్వుకున్నాడు కూడా. కుడి, ఎడమల సంగతి అంటున్నాడని అర్థమైంది గానీ, అందులో నవ్వడానికి ఏముందో అప్పటికి తెలియలేదు. సీటుబెల్టు పెట్టి బండి తీశాను.

నవంబరు రెండో ఆదివారం, ఉదయం ఆరున్నర. ఊళ్ళో పాత మోటబావిని, ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడిన బావిని, పూడ్చేస్తున్నామని చిన్నాన్న ఫోను చేసి వారమైంది. బోర్లు వచ్చాక ఆ బావితో ఎవరికీ పని లేదు. మేకలు పడుతున్నాయి, ట్రాక్టరు తిప్పడానికి అడ్డంగా ఉంది. ఎవరూ కాదనలేదు. తాత కూడా కాదనలేదు. "పూడ్చేముందు ఒకసారి చూసి వస్తాను" అన్నాడంతే. నాన్నకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి నేను తీసుకెళ్తానన్నాను.

ఇందులో నా స్వార్థమూ ఉంది. తాతకు తొంభై ఒకటి నిండాయి. 1948లో పద్నాలుగేళ్ళ పిల్లవాడు. రజాకార్లను, పోలీసు చర్యను, సాయుధ పోరాటాన్ని చూసిన మనిషి మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చుని ఉంటే, ఇన్నేళ్ళలో ఎవరమూ కూర్చోబెట్టి అడిగింది లేదు. దారి పొడుగునా అడుగుతూ ఫోనులో రికార్డు చేసుకోవాలని నా పథకం.

మా ఇల్లు నాగోలులో. ఉప్పల్ దాటి వరంగల్ దారి పట్టి, బీబీనగర్ దగ్గర కుడికి తిరిగితే గంటన్నరలో ఊరు. కానీ తాత మొదటి మాటగా "ముందు చాదర్‌ఘాట్ పోనివ్వు బిడ్డా" అన్నాడు. అది పూర్తిగా ఎదురు దిక్కు. మూసీని చూడాలంటే మా ఇంటి పక్కనే నాగోలు వంతెన ఉంది కదా అన్నాను. "అది కాదు" అన్నాడు. విసుక్కుంటూనే తిప్పాను.

చాదర్‌ఘాట్ వంతెన మీద ఆపడానికి వీల్లేదు. మెల్లగా నడుపుతుంటే వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. తాత అద్దం దించి, కింద నల్లగా పారుతున్న నీళ్ళను అర నిమిషం చూశాడు. "సరే, పద" అన్నాడు. ఎందుకు చూశావంటే, "నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాను" అన్నాడు. నీళ్ళు ఎటు పోతాయి, పల్లానికే పోతాయి. ఈ మాట పైకి అనలేదు.

అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా ఉప్పల్ చేరేసరికి ఏడున్నర. రికార్డరు నొక్కి అడిగాను.

"తాతా, రజాకార్లను చూశావా?"

"చూశాను."

ఇంకేమైనా చెబుతాడేమోనని పీర్జాదిగూడ దాకా ఆగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూపిస్తూ, "ఇక్కడ గడ్డి కోసేవాళ్ళు ఏమయ్యారు?" అన్నాడు. మూసీ మురుగునీటితో ఉప్పల్ చుట్టుపక్కల పారాగడ్డి పెంచి పట్నం గేదెలకు అమ్మేవారు. ఆయన చూసిన ఆ పచ్చటి మళ్ళు, ఇప్పుడు దారి పక్కన అపార్టుమెంట్ల వెనక ఎక్కడో ఉంటే ఉండాలి. గేదెలకు ఏం పెడుతున్నారో అని ఘట్‌కేసర్ వరకు ఆయన బాధపడ్డాడు.

మరోవైపు నుంచి వచ్చాను. 1948 సెప్టెంబరు 13న సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ అయిదు రోజులు నువ్వెక్కడున్నావు?

ఇది పని చేసింది. ఆ ఎండాకాలంలోనే అమ్మ, తను, చెల్లెలు బండి కట్టుకుని అయిదు రోజులు ప్రయాణించి మునగాల చేరారట. మునగాల పరగణా అప్పట్లో చిత్రమైన చోటు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఆ కాస్తా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. దాని పొలిమేర దాటితే రజాకార్ల భయం ఉండదని జనం అక్కడికి చేరేవారు. తాత అక్కడ ఒక రైతు దగ్గర కూలికి కుదిరాడు. విజయవాడ నుంచి సైన్యం వచ్చింది ఆ ఊరి పక్క రోడ్డు మీదుగానే.

"లారీలు వరసగా పోతుంటే లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చాను. కలుపు వదిలేసి ఏం చూస్తున్నావురా అని ఆసామి కేకేశాడు. లెక్క తప్పింది."

"అంతేనా?"

"ఆ కలుపులో తుంగ ఎక్కువ బిడ్డా. ఎంత పీకినా మళ్ళీ వచ్చేది."

మా ముత్తాత సంగతి అడగలేదు. ఆయన ఆ వేసవిలో ఎలా పోయాడో మా నాన్న మేనత్త చెప్పగా విన్నాను. తాత నోట ఎప్పుడూ ఒకే వాక్యం వస్తుంది: "ఆ సంవత్సరం మా నాన్న లేడు." ఊరికి వెళ్ళాడన్నట్టుగా అంటాడు.

బీబీనగర్‌లో ఎయిమ్స్ భవనాలు చూసి, అంత పెద్ద ఆసుపత్రి తన ఊరికి ఇంత దగ్గరలో ఉన్నందుకు సంతోషించాడు. అక్కడ కుడికి తిరిగి, రుద్రవెల్లి దాటితే జూలూరు దగ్గర మళ్ళీ మూసీ. వరద వస్తే మునిగిపోయి దారి మూసేసే వంతెన అది. ఆ రోజు నీళ్ళు దానికి దిగువనే ఉన్నాయి, కానీ పైన తెల్లటి నురగ. గాలికి నురగ ముద్దలు లేచి రోడ్డు మీద దొర్లుతున్నాయి. దూదిలా ఉంది గానీ ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పొద్దున చాదర్‌ఘాట్‌లో చూసిన నీళ్ళే ఇవి. తాత మళ్ళీ అద్దం దించబోతే వద్దన్నాను.

పోచంపల్లిలో టీ తాగాం. వినోబా మందిరం చూస్తావా అంటే చూద్దామన్నాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు, హరిజనవాడ వాళ్ళు ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. భూదానోద్యమానికి అదే మొదలు. మా ఊరికి నడిచి వచ్చేంత దూరం, తాతకు అప్పటికి పదిహేడేళ్ళు.

"ఆ రోజు నువ్వొచ్చావా ఇక్కడికి?"

"ఎట్లా వస్తాను? వరి పొట్ట మీద ఉంది. పొద్దుట్నుంచి మోట కొడుతున్నాను."

నేను రికార్డరు ఆపేశాను. చరిత్ర పుస్తకంలో ఉన్న ప్రతి తేదీ నాడూ ఈయన పొలంలోనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. అవతల మగ్గాల చప్పుడు, చిటికి కట్టిన నూలు ఆరేసిన వాకిళ్ళు, ఫొటోలు దిగుతున్న పట్నం వాళ్ళు. ఆ సందడిలో ఆయన టీ చల్లార్చుకుని మెల్లగా తాగాడు.

ఊరు చేరేసరికి పదయింది. చిన్నాన్న చేను దగ్గరే ఉన్నాడు, జేసీబీ కూడా వచ్చేసింది. బావి నేననుకున్నంత లోతు లేదు. చిల్లచెట్లు, ప్లాస్టిక్ సంచులు, అడుగున పచ్చగా కొంచెం నీరు. ఒకవైపు నుంచి వాలుగా దిగిన దారి మాత్రం స్పష్టంగా ఉంది. అది మోట దారి. ఎద్దులు ఆ వాలు దిగుతుంటే తోలు బొక్కెన నీళ్ళతో పైకి వచ్చి, తొండంలోంచి తొట్టిలో పడుతుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని దిగుతాడు. బొక్కెన ఖాళీ కాగానే ఎద్దులు అదే వాలును వెనక్కి నడుస్తూ ఎక్కాలి. రోజుకు వందలసార్లు.

ఆ వాలు మొదట్లో నిలబడి, నేనేమీ అడగకుండానే, తాత చెప్పడం మొదలుపెట్టాడు. రికార్డరు ఆన్ చేయాలని కూడా నాకు తోచలేదు. ఇక్కడ రాస్తున్నది గుర్తున్నంత మేరకు.

దసరా వెళ్ళాక తిరిగి వచ్చారు. పోయేటప్పుడు జత ఎద్దులు, వచ్చేటప్పుడు ఒక్కటి. రెండోది మునగాలలోనే గాలికుంటు వచ్చి చచ్చిపోయింది. ఒక్క ఎద్దుకు బండెందుకని అక్కడే అమ్మి, మూటలు ఎద్దు మీద వేసి నడిచి వచ్చారు. ఇల్లు కాలిపోయింది, కొట్టమూ కాలిపోయింది. కానీ కొట్టం కింద జొన్నల పాతర, అంటే గింజలు దాచే గొయ్యి, ఉంది. కూలిన కప్పు బూడిద దాన్ని కప్పేసింది కాబట్టి ఎవరి కంటా పడలేదు. "కాలబెట్టినవాడే దాచిపెట్టాడు" అన్నాడు తాత.

పాతర మూత తీయగానే దిగకూడదు, లోపల గాలి చెడి ఉంటుంది. ఒక రాత్రంతా తెరిచి ఉంచి, తెల్లవారాక తాడుకు దీపం కట్టి దింపారు. దీపం ఆరిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ దింపారు. ఈసారి వెలుగుతూనే ఉంది. వాళ్ళమ్మ దిగనివ్వకపోతే, నడుముకు తాడు కట్టించుకుని ఆయనే దిగాడు. పైన జానెడు జొన్నలు నల్లబడి గడ్డకట్టాయి. కింద మంచివే. ఆ జొన్నల గటక ఆరు నెలలు తిన్నారు. పాతర వాసన పోయేది కాదట. ఇప్పటికీ మా ఇంట్లో జొన్నరొట్టె చేస్తే ఆయన ముందు మూతి దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. చాదస్తం అనుకునేదాన్ని.

తిండి దొరికింది, విత్తనం లేదు. అదను దాటిపోయింది. అదను దాటాక వేసేవి ఉలవలే. అవి నాగుకు తెచ్చారు. నాగు అంటే తెలియనివాళ్ళ కోసం: బస్తా గింజలు తెచ్చుకుంటే పంట వచ్చాక బస్తాన్నర కొలవాలి.

ఇక రెండో ఎద్దు. పక్క చేను సాయిబు మామది. ఆయనకూ ఒక ఎద్దే మిగిలింది. రెండోదాన్ని ఎవరో తోలుకుపోయారు. "ఎవరు?" అన్నాను. "ఆ రోజుల్లో ఎద్దును తోలుకుపోవడానికి ఏ పార్టీ అక్కర్లేదు బిడ్డా" అన్నాడు. ఒంటి ఎద్దుకు ఒంటి ఎద్దు కలిసింది, జత కుదిరింది అనుకున్నారు. కాడి కట్టి చూస్తే కుదరలేదు. రెండూ వలపట ఎద్దులే.

దుక్కిటెద్దుకు చిన్నప్పుడే ఒక పక్క అలవాటు చేస్తారు. వలపట నడిచింది జీవితమంతా వలపటే నడుస్తుంది. రెండింటినీ కలిపి కడితే రెండూ కుడికే జరుగుతాయి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కాడి వంకర పోతుంది. ఒకటి పక్క మార్చుకోవాలి. మా ఎద్దు వయసులో చిన్నది కాబట్టి దానికే నేర్పుదామన్నారు. తాత రోజూ దాని ఎడమ పక్కన, చెవి దగ్గర నడిచేవాడు. మామ కాడి మధ్యలో పట్టుకునేవాడు. మూడు వారాలు. దాని కొమ్ము తగిలి తాత భుజం చీరుకుపోయింది. చొక్కా జరిపి ఆ మచ్చ చూపించాడు. అది రజాకార్లు కొట్టిన దెబ్బ అని మా చిన్నప్పుడు మేమే కథ అల్లుకున్నాం.

ఆ మూడు వారాల్లో ఒకరోజు నలుగురు మనుషులు చేను గట్టు మీదికి వచ్చారు. పొరుగూరి వాళ్ళు. చేతుల్లో కర్రలు, ఒకడి దగ్గర బరిసె. సాయిబు ఇల్లు ఏదని అడిగారు.

"నేను ఎద్దును నడిపిస్తున్నాను. ఆగితే మళ్ళీ పక్కకు తోస్తుంది. ఆగకుండానే, ఆ ఇంటివాళ్ళు పట్నం పోయారన్నాను. మామ కాడి పట్టుకుని పక్కనే ఉన్నాడు, తలకు రుమాలు చుట్టుకుని. ఆయనా ఆగలేదు. ఆ కొస దాకా పోయి తిరిగి వచ్చాం. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సాలులోనే మొదటిసారి మా ఎద్దు దాపట కుదురుగా నడిచింది."

పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యల గురించి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక నేను చదివాను. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల ప్రాణాలు పోయి ఉంటాయని దాని అంచనా. అందులో ఎక్కువ పడమటి జిల్లాలవి. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. తాత దాన్ని చదవలేదు. ఎద్దు ఎప్పుడు దారికి వచ్చిందో గుర్తుంచుకున్నాడు, దాని వెనకే ఇదీ వచ్చింది.

మరుసటి ఎండాకాలం మామ కుటుంబం నిజంగానే పట్నం వెళ్ళిపోయింది. బీదరు వైపు చుట్టాల కబురు విన్నాక ఆయన భార్య ఊళ్ళో నిద్రపోలేదట. ఎద్దును తాతకే ఇచ్చి వెళ్ళాడు. వెల నూట ఇరవై హాలీ రూపాయలు, అంటే నిజాం సిక్కా, మూడు కంతులు. మొదటి కంతు ఇవ్వడానికి తాత బీబీనగర్‌లో రైలెక్కి, జీవితంలో మొదటిసారి హైదరాబాద్ చూశాడు. మామ ఇల్లు చాదర్‌ఘాట్ దగ్గర. వంతెన మీద నిలబడి, ఈ నీళ్ళే రేపోమాపో మన ఊరికి చేరతాయి కదా, వీటితోపాటు పోతే రైలు చార్జీ మిగిలేది అనుకున్నాడట. రెండో కంతూ ఇచ్చాడు. మూడోసారి వెళ్తే ఇంటికి తాళం. ఎక్కడికి పోయారో పక్కవాళ్ళకు తెలియదు.

"మరి ఆ నలభై ఏం చేశావు?"

"రెండు రోజులు అక్కడే తిరిగాను. తర్వాత ఇనుప గిలక కొన్నాను. మన చెక్క గిలక అరిగిపోయింది."

ఆ మాట అంటూ తాత బావి ఒడ్డు వైపు నడిచాడు. రెండు రాతి స్తంభాలు ఉన్నాయి, మధ్యలో గిలక లేదు.

"గిలక ఏదిరా?"

చిన్నాన్న జేసీబీ వైపు చూస్తూ చెప్పాడు. "ఎప్పుడో పాత ఇనుము వాడికి వేశాను నాన్నా. పది, పదిహేనేళ్ళయింది."

"ఎంతిచ్చాడు?"

"రెండు వందలో ఎంతో."

తాత కాసేపు లెక్క వేసుకున్నాడు. "ఏడు హాలీలకు ఆరు ఇండియా సర్కారు రూపాయలు" అని తనలో తాను గొణుక్కున్నాడు. లెక్క ఎక్కడిదాకా వచ్చిందో గానీ పైకి చెప్పలేదు. జేసీబీ డ్రైవరుతో, ముందు తొట్టి రాయి తీసి గట్టున పెట్టి, ఆ తర్వాత మట్టి తోయమన్నాడు. ఆ రాయి లేవడానికే అరగంట పట్టింది. మిగతా పని మధ్యాహ్నానికి అయిపోయింది.

భోజనాల దగ్గర తాత చిన్నాన్నను పిలిచాడు. "కొత్త మట్టి కుంగుతుంది. ఈ ఏడు వరి పెట్టకు. ఉలవలు చల్లు."

"ఉలవలు ఎవరు తింటారు నాన్నా ఇప్పుడు?"

"ఎద్దులు."

ఊరు మొత్తం మీద ఒక్క ఎద్దు కూడా లేదు. చిన్నాన్న సరేనన్నాడు. తిరుగు ప్రయాణంలో తాత బీబీనగర్ దాకా నిద్రపోయాడు.